పెద్దేముల్ లైన్ రాయబారి

వికారాబాద్, బాలికల గురుకులం,
నవంబర్ 10

కుమారస్వామి మామకు,

నిరోషా రాస్తున్నది. నేను బాగున్నాను. నెలకొకసారి వచ్చే ఫోన్‌లో అమ్మ "తిన్నవా బిడ్డా, తలకు నూనె పెట్టుకున్నవా" అని అడిగేసరికే పది నిమిషాలు అయిపోతాయి. అసలు సంగతి మొదలుపెట్టేలోపు వెనక నిలబడ్డ అమ్మాయి భుజం తడుతుంది. అందుకే ఉత్తరం. కవర్లు వైశాలి మేడం ఇచ్చింది.

ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో బడిపిల్లలకు ఒక పోటీ ఉంది. ఒక్కొక్కరు ఒక్కో దేశం రాయబారిగా కూర్చుని మాట్లాడాలి. చీటీలు తీశాము. నాకు చైనా వచ్చింది. నా పక్క మంచం మనీషాకు ఇండియా వచ్చింది. ఆమెది బషీరాబాద్. అప్పటినుంచి మెస్‌లోకి నేను పోతే "జరుగున్రే, చైనామె వస్తున్నది" అంటున్నారు. అన్నం వడ్డించే శంకరమ్మ కూడా నిన్న గంటె పైకెత్తి "నీకు చారెందుకు బిడ్డా, నూడుల్స్ తింటవు గద" అన్నది.

చీటీ మార్చమని మేడంను అడిగాను. "నచ్చిన దేశం దిక్కు ఎవలైన మాట్లాడుతరు. నచ్చని దేశం దిక్కు మాట్లాడి సూపియ్యి" అన్నది.

బతికున్నవాళ్ళ పేర్లు వాడొద్దని పోటీ పెట్టినవాళ్ళే ఒక మనిషిని కల్పించి నాలుగు పేజీల ఫైలు పంపారు. ఆయన పేరు లియూ షాన్‌వెన్. ముప్పై నాలుగేళ్ళు నౌకరీ చేశాడు. మక్కజొన్న పండే ఊళ్ళో పుట్టాడు. కాలేజీలో ఫ్రెంచి నేర్చుకుని ఆఫ్రికాకు దుబాసీగా పోయాడు. తర్వాత సెక్రటరీ అయ్యాడు. ఒక చిన్న దీవిలో రాయబారి సెలవులో ఉన్నప్పుడు ఆయన కుర్చీ చూసుకున్నాడు. అక్కడినుంచి రెండేళ్ళు "స్వదేశంలో" అని ఒక్క మాటే ఉంది. ఏం చేశాడో లేదు. మళ్ళీ బయటికి పోయి, చివరికి రెండు దేశాలకు పూర్తి రాయబారి అయ్యాడు. నేను ఆయనలాగా మాట్లాడాలి. ఆయన నౌకరీ మీద కూడా ప్రశ్నలు వేస్తారట.

మన ఇంట్లో మాట మోసే పని తెలిసినవాడివి నువ్వే. ఆటో అడ్డా తరఫున ఎన్నిసార్లు పోయివచ్చావో. రాయబారి ఎట్లా ఉండాలో రాయి. నీ ఆటో ఎట్లా నడుస్తున్నది?

నీ మేనకోడలు,
నిరోషా


పెద్దేముల్,
నవంబర్ 19

నిరోషా బిడ్డకు మామ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మన్ "కోర్టు నోటీసా ఏంది" అని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చాడు. మీ అత్త రెండుసార్లు చదివించుకుని, ఆ చైనాయనకు పెండ్లాం పిల్లలు ఉన్నారా, వెంట తీసుకుపోయాడా అని అడగమంటున్నది.

ఆటో సంగతి దాచి లాభం లేదు, మీ అమ్మ ఎట్లాగూ చెబుతుంది. తాండూరు స్టేషన్ దగ్గర మన లైన్‌లో నా నంబర్ తీసేశారు. నెల దాటింది. పొద్దున రైలుకు ఏ ఆటో ముందు, ఏది వెనక అనేది నంబరే చెబుతుంది. నంబర్ లేనివాడు ఆ లైన్‌లో నిలబడరాదు. నాది నాలుగో నంబర్, పదకొండేళ్ళనుంచి. ఇప్పుడు కిరాయి దొరికితే మర్పల్లి దాకా పోతున్నాను, లేకపోతే లేదు. మీ అత్త "బయట ఆటో పండుకున్నది, ఇంట్ల నువ్వు పండుకున్నవ్, ఇద్దరిని కడిగి పెట్టుడు నా పనాయె" అంటున్నది. నా నంబర్ నాకు రావాలి. వేరే కోరిక లేదు. ఎందుకు తీశారంటే ఏదో మాట పట్టింపు. అది వదిలెయ్యి.

రాయబారి సంగతి అడిగావు. అవతలివాళ్ళు నీళ్ళిస్తే తాగు, వద్దనకు. నీళ్ళు వద్దంటే కయ్యానికి వచ్చావనుకుంటారు. వాళ్ళు తిట్టిన తిట్లు ఇవతలకు మోసుకురాకు, "జర గరం ఉన్నరు" అని చెప్పు, చాలు. అందరికన్నా ముందు మాట్లాడకు, అందరికన్నా చివర లేవకు. ఇంకేముంది, నాకు తెలిసింది ఇంతే.

ఆ రెండేళ్ళు అతను ఏం చేశాడో వేరే ఎక్కడైనా రాసి ఉంటే నాకు తెలియజెయ్యి.

మామ


వికారాబాద్,
డిసెంబర్ 6

మామా,

పెండ్లాం పిల్లల సంగతి ఫైల్లో లేదని అత్తకు చెప్పు. నేనే ఒక బిడ్డను పెట్టాను, పేరు ఇంకా పెట్టలేదు.

ఫైలు చదువుతుంటే నవ్వొస్తున్నది. రాయబారి కొత్త దేశానికి పోగానే రాయబారి కాడట. తన దేశం ఇచ్చిన కాగితాన్ని ఆ దేశం పెద్ద చేతిలో స్వయంగా పెట్టేదాకా ఊరికే వచ్చిన మనిషే. దానికంటే ముందు "ఈ మనిషిని పంపుతున్నాం, మీకు సమ్మతమేనా" అని అడగాలట. వాళ్ళు వద్దంటే ఇంకొకరిని చూడాలి. పిల్లను ఇచ్చినట్టే ఉంది. ఏ రోజు ఎవరిని కలిసినా, ఏం మాట్లాడినా ఆ రోజే ఇంటికి రాసి పంపాలి.

నిన్న బళ్ళో మొదటి రిహార్సల్ అయింది. సముద్రంలో చేపలు పట్టే హద్దుల గురించి మాట్లాడాలి. మూడు నెలలు మీ పడవలు ఇటు రావద్దని ఇండియా అడగాలి. మనీషా లేచి అడిగింది. నేను వెంటనే "సరే" అన్నాను. పొద్దున్నే ఆమె నాకు సగం జామకాయ ఇచ్చింది మామా, కాదని ఎట్లా అంటాను?

మేడం డస్టర్‌తో బల్ల మీద కొట్టింది. "ఏమ్మా చైనా, నిన్ను పంపినోళ్ళను అడిగినవా? వాళ్ళ సముద్రం నువ్వెట్ల రాసిస్తవ్? గిట్లయితే రెండు దినాలల్ల బీజింగ్‌ను గూడ జామకాయలకు అమ్మేస్తవ్."

నిన్నటినుంచి నా పేరు జామకాయ.

అప్పుడు నాకు అనిపించింది. లియూ షాన్‌వెన్ కూడా ఆ దీవిలో పెద్దాయన లేని సమయంలో ఎవరికో ఇట్లాగే "సరే" అని ఉంటాడు. అందుకే రెండేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి ఉంటారు. నిజమే అంటావా?

ఇంకో మాట. మనీషా వాళ్ళ నాయన బీరప్ప బషీరాబాద్ లైన్ ఆటోలకు పెద్ద అట. మా మామ నంబర్ ఎందుకు పోయిందో తెలుసా అని అడిగాను. "మా నాయనను అడిగి చెప్త" అన్నది. ఇండియా రాయబారి నాకన్నా హుషారు.

నిరోషా


పెద్దేముల్,
డిసెంబర్ 15

నిరోషాకు,

మనీషాను అడగవద్దు. నేనే చెబుతాను.

స్టేషన్ గేటు పక్క ఆరు ఆటోలు పట్టే జాగా ఉంది. రైలు దిగినవాళ్ళు ముందు అక్కడికే వస్తారు. ఆ జాగా మనది. సెప్టెంబర్‌లో బషీరాబాద్ లైన్‌వాళ్ళు వారం సంత జరిగే అంగడి రోజు అది తమకు కావాలని గొడవ మొదలుపెట్టారు. మన అడ్డా పెద్ద బాలస్వామి నన్ను పిలిచి "పోయి కనుక్కొని రా" అన్నాడు. కనుక్కొని రా, అంతే.

పోయాను. బీరప్ప లేచి వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. వాళ్ళంతా నిలబడి ఉన్నారు. మిర్చి బజ్జీలు తెప్పించాడు. "కుమారన్నా, ఆరు దినాలు మీరే ఉండున్రి, అంగడి దినం ఒక్కటి మాకు విడిచిపెట్టున్రి. మీరు పెద్దమనిషి, మీరన్నదే ఖరారు" అన్నాడు. పదకొండేళ్ళలో మన అడ్డా మీద నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు బిడ్డా. "సరే, ఉండున్రి" అన్నాను.

ఆ సాయంత్రమే వచ్చి చెప్పి ఉంటే తిట్టి ఊరుకునేవాళ్ళు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. అంగడి రోజు రానే వచ్చింది. పొద్దున్నే వాళ్ళ ఆటోలు ఆరు గేటు పక్క నిలబడి ఉన్నాయి. మనవాళ్ళు పోయి "ఎవడు నిలబడుమన్నడు" అంటే "మీ కుమారస్వామే, కుర్చీల కూసొని చెప్పిండు" అన్నారు.

బాలస్వామి అందరి ముందు అడిగాడు. "కనుక్కొని రమ్మంటిమి. ఇచ్చి రమ్మంటిమారా?"

 అక్టోబర్ మొదటి తారీఖున నంబర్ తీసేశారు. గేటు జాగా అంగడి రోజు ఇప్పటికీ వాళ్ళ చేతిలోనే ఉంది. ఇచ్చిన మాట కదా.

నీ చైనాయన చేసింది అదే. ఫైలు చూడకుండానే చెబుతున్నాను.

మామ


వికారాబాద్,
డిసెంబర్ 22

మామా,

ఫైలు మళ్ళీ తీసి చూశాను. రెండేళ్ళ తర్వాత ఆయనను బయటికి పంపినప్పుడు పాత హోదా ఇవ్వలేదు. ఒక మెట్టు కింద పంపారు. తనకన్నా ఏడేళ్ళు చిన్నవాడి చేతికింద పని చేశాడు. అక్కడినుంచి రాయబారి కావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అయినా పోయాడు.

నువ్వు అడుగుతున్నది నాలుగో నంబరేనా? చివరి నంబర్ అడిగి చూశావా?

నిరోషా


పెద్దేముల్,
జనవరి 3

నిరోషాకు,

నీకు చదువు చెప్పమని గురుకులంలో వేశాం, నాకు చెప్పమని కాదు. నిన్న మొన్న ఆటో కొన్న పిల్లగాళ్ళ వెనక, తోక దగ్గర నేను నిలబడేది లేదు. నాలుగో నంబర్ ఇస్తే పోతాను, లేకుంటే లేదు.

చలి ఎక్కువగా ఉంది. స్వెటర్ వేసుకో.

మామ

మీ అత్త రాయమంటున్నది: ఉత్తరం చదివి ఆయన అన్నం సగంలో లేచిండు, నాలుగు దినాలనుంచి ఆ ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నడు అని.


వికారాబాద్,
జనవరి 11

మామా,

స్వెటర్ వేసుకున్నాను. నీకు కోపం వచ్చినా ఇది రాయాలి. ఏ రోజు మాట ఆ రోజే రాయాలి కదా.

ఇవాళ రెండో శనివారం, ఇంటివాళ్ళు చూడవచ్చే రోజు. మనీషా వాళ్ళ నాయన వచ్చాడు, భక్షాలు తెచ్చాడు. నేను రెండు తిన్నాను. మాట మాత్రం ఏమీ ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"నువ్వు కుమారస్వామి కోడలివా?" అన్నాడు.

"అవునే పెద్దనాయనా."

"మీ మామ మంచోడే. కుర్చీ జూస్తే ఆగడు, గంతే."

"మామ ఇచ్చిన మాట వాపస్ ఇయ్యున్రి అని నేను అడుగుతలేను. అడిగితే మీరు ఏమంటరో తెల్సుకుంటున్న."

ఆయన మనీషా దిక్కు చూసి నవ్వాడు. "ఏందే ఇది, మీ బళ్ళె గిట్ల మాట్లాడుడు నేర్పుతున్నరా? మాటంటే స్టెప్నీ టైరా, ఇప్పి వాపస్ ఇయ్యనీకి?"

అప్పుడు మనీషా నోట్లో భక్షం పెట్టుకుని అడిగింది. "నాయనా, అంగడికి వచ్చేటోళ్ళు పొద్దుగాల మీ ఆటోలల్ల వచ్చి తాండూరుల దిగుతరు, వాపస్ పోనీకి మాపటికి గద ఎక్కుతరు. పొద్దుగాల గేటు పక్క నిలబడి మీరేం జేస్తున్నరు?"

 బీరప్ప తల గోక్కున్నాడు. "ఏం జేస్తం, ఒకని మొకం ఒకడు చూసుకుంట కూసుంటున్నం. ఖాళీగ ఇడిచిపెడితే ఓడిపోయినట్లయితదని మావోళ్ళు లేస్తలేరు. మూడు గంటలనుంచి మాకిస్తే చాలు, పొద్దుగాల్ది మాకెందుకు?" అని, వెంటనే వేలు చూపించాడు. "ఇగో చైనా బిడ్డా, గీ మాట ఖరారు గాదు. మా లైనోళ్ళను అడగాలె. నేను మీ మామ లెక్క గాదు."

పోయేటప్పుడు గేటు దగ్గర మళ్ళీ వెనక్కి వచ్చి "మీ మామ నంబర్ పోయిందని నాకు సంబురం లేదు, చెప్పు" అన్నాడు.

ఇంతే. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. ఇక ఇది నీ చేతిలో ఉంది.

నిరోషా


పెద్దేముల్,
ఫిబ్రవరి 2

నిరోషా బిడ్డకు,

ఆలస్యం అయింది. వారం రోజులు నీ ఉత్తరం పట్టుకుని ఏం చెయ్యాలో తోచలేదు. ఈలోపు బీరప్ప కబురు పంపాడు, వాళ్ళ లైన్‌లో అడిగాడట, మూడు గంటల మాటకు ఒప్పుకుంటున్నారట. నిన్న అడ్డా మీదికి పోయాను. నాలుగు నెలల తర్వాత. ఆటో ఇంటి దగ్గరే పెట్టి బస్సులో పోయాను.

"అన్నా, అటు దిక్కునుంచి ఒక మాట వచ్చింది. నేను అవుననలేదు, కాదనలేదు. మీ ముంగట పెట్టిపోనీకి వచ్చిన" అని చెప్పాను.

బాలస్వామి బీడీ కింద పడేశాడు. "ఈసారి ఆడ ఏం తిన్నవ్‌రా?"

"ఏం తినలే. నేను పోనే పోలే."

"పోకుండ మాటెట్ల వచ్చింది?"

"గురుకులం నుంచి పోస్టుల వచ్చింది."

అందరూ నవ్వారు. "మరి భక్షాలు ఎవరు తిన్నరు" అని అడిగేవాడు లేడు కాబట్టి బతికిపోయాను. మాట మొత్తం చెప్పాను. మనకు పొద్దున రైలు ముఖ్యం, నౌకర్లవాళ్ళు అప్పుడే దిగుతారు. మాపటి బేరం సగం పోతుంది. ఆ నష్టం కూడా దాచకుండా చెప్పాను.

"ఇప్పుడే తేల్చు అంటవా?" అన్నాడు బాలస్వామి.

"అనను. మీరు మాట్లాడుకొని చెప్పున్రి. వాళ్ళకు మోసుడు నా పని."

"మరి నీ నంబర్?"

పొద్దున ఇంట్లోనుంచి పోయేటప్పుడు నాలుగే అడగాలని పోయాను. అక్కడ నిలబడేసరికి నోటికి రాలేదు. "ఎక్కడ జాగా ఉంటే ఆడ. తోకకైనా సరే" అన్నాను.  "నువ్వు పో, కబురు జేస్తం" అన్నాడు బాలస్వామి. అట్లాగే తిరిగి వచ్చాను.

కబురు ఇంకా రాలేదు. మీ అత్త రోజుకు నాలుగుసార్లు రోడ్డు దిక్కు చూస్తున్నది, నేను చూడనట్టు ఉంటున్నాను.

నీ పోటీ శనివారం కదా. అన్నం తిని పో.

మామ


వికారాబాద్,
ఫిబ్రవరి 10

మామా,

కబురు వచ్చిందా? అది ముందు చెప్పు.

పోటీ అయిపోయింది. పెద్ద హాలు, ముందర మైకులు, ప్రతి బల్ల మీద చిన్న జెండా. ఏసీ చలికి నా ఎర్ర జెండా నాకన్నా ఎక్కువ వణికింది. మాట చేపల మీదికి వచ్చింది. జపాన్ తరఫున కూర్చున్న హైదరాబాద్ పిల్ల లేచి ఇంగ్లీషు తెలుగు కలిపి నన్ను నిలదీసింది. చైనా ఇప్పుడే, ఇక్కడే, అవునో కాదో చెప్పాలి అన్నది.

"బీజింగ్‌ను అడిగి రేపు చెబుతాం" అన్నాను.

జడ్జి సార్ మైకు దగ్గరికి లాక్కుని "పోటీ ఈ సాయంత్రానికే అయిపోతది తల్లీ. రేపు లేదు" అన్నాడు.

"అయితే మా జవాబు కూడా లేదు సార్" అన్నాను. హాలంతా నవ్వింది.  కూర్చున్నాక మళ్ళీ లేచి "సరే" అనలేదు.

తర్వాత నౌకరీ మీద ప్రశ్నలు వేశారు. ఆ రెండేళ్ళు స్వదేశంలో ఏం చేశారు రాయబారి గారూ అని జడ్జి సార్ అడిగాడు.

"ఇంటి ముందు కూర్చున్నాను సార్. నాకు లేని అధికారంతో ఒకరికి మాట ఇచ్చాను. వాళ్ళు నన్ను బాగా గౌరవించారు, అందుకని ఇచ్చాను. ఆ సంగతి ఆ రోజే ఇంటికి రాయలేదు. అది రెండో తప్పు. తర్వాత పిలిస్తే ఒక మెట్టు కింద చేరాను."

సార్ కళ్ళద్దాలు తీసి ఫైలు తిరగేశాడు. "ఇది ఇందులో లేదే. ఎక్కడ చదివినవమ్మా?"

"చదవలేదు సార్. మా ఇంట్ల తెలుసు."

పేరు చెప్పలేదు, ఫికర్ చెయ్యకు.

మొదటి బహుమతి ఇండియాకు వచ్చింది, అంటే మనీషాకు. నాకు మూడోది, ఒక సర్టిఫికెట్, ఒక డిక్షనరీ. బస్సులో మనీషా తన షీల్డు చేవెళ్ళ దాకా నన్ను పట్టుకోనిచ్చింది. అక్కడినుంచి తనే పట్టుకుని నిద్రపోయింది. మేడం మాత్రం దిగేటప్పుడు నా నెత్తిన చెయ్యి పెట్టి "జామకాయ అనే పేరు రద్దు" అన్నది.

కబురు వచ్చిన రోజే రాయి.

నిరోషా


తాండూరు, స్టేషన్ గేటు దగ్గర,
ఫిబ్రవరి 18

నిరోషా బిడ్డకు,

కబురు నిన్న మాపటికి వచ్చింది. అదే రోజు రాయమన్నావు కానీ ఇంక్ పెన్ను దొరకలేదు, ఇవాళ రాస్తున్నాను. బాలస్వామి తనే వచ్చాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, రోడ్డు మీదినుంచే "పొద్దుగాల రైలుకు రా. పంతొమ్మిది" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

గేటు జాగా అంగడి రోజు మూడు గంటల దాకా మనది, తర్వాత వాళ్ళది. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కూర్చుని ఖరారు చేసుకున్నారు. నేను అక్కడ లేను. ఉండవలసిన పని కూడా లేదు.

నాకు ముందు పద్దెనిమిది ఆటోలు. నా వెనక గోడ. పొద్దున ఆరున్నరకు వచ్చి నిలబడ్డాను. పద్దెనిమిదో నంబర్ పిల్లగాడు నన్ను చూసి కిందికి దిగి "అన్నా, నువ్వు ముంగటికి పో" అన్నాడు. వద్దన్నాను. నా తర్వాత ఎవడైనా కొత్త ఆటో కొంటే అప్పుడు ఇరవయ్యో నంబర్ వస్తుంది, అప్పటిదాకా తోక నేనే. మీ అత్త డబ్బాలో అన్నం పెట్టింది, పొద్దున్నే చూస్తే కోడిగుడ్డు కూడా ఉంది. ఎందుకే అంటే "నౌకరికి పోతున్నవ్ గద" అన్నది.

రెండు రైళ్ళు వచ్చాయి. నా ముందు రెండే ఉన్నాయనుకుంటే ఒకదానికి టైరు పంక్చరయింది, అది పక్కకు జరిగింది. పదిన్నర అయింది. ఈ ఉత్తరం సీటు మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అది ఇంజన్ వల్ల, పక్కవాడు ఇప్పుడే స్టార్ట్ చేశాడు.

నీ సర్టిఫికెట్ చూడాలని ఉంది. వచ్చే రెండో శనివారం మీ అమ్మతో కలిసి వస్తాను. మనీషా వాళ్ళ నాయన ఆ రోజు వస్తాడేమో...

ముందున్న ఆటో కదిలింది. ముగ్గురు ఆడవాళ్ళు గంపలు పట్టుకుని నా దిక్కే వస్తున్నారు. పెద్దేముల్‌కు పోతదా అని అడుగుతున్నారు. పోతుంది. ఇక ఆపుతున్నాను.